దారిదీపము: కొండబాటలలో రాత్రివేళ సైకిలు



గడచిన నెలలో మాకు వచ్చిన జాబులలో నొకటి మమ్ము చాలసేపు ఆలోచింపజేసినది. ఒక సోదరి యిట్లు వ్రాసియున్నారు: "మా అమ్మాయి ఇంగ్లండులో ఉద్యోగము చేయుచున్నది. వారమున కొకనాడు ఆఫీసు ముగిసిన పిదప స్నేహితురాండ్రతో గూడి చీకటిలో కొండలమీద సైకిలు తొక్కబోవునట. వలదని వ్రాసితిని, వినలేదు. ఇప్పుడు పుట్టినరోజునకు మంచి దీపము కొని పెట్టుమని యడుగుచున్నది. కొని పెట్టినచో ఆపదకు నేనే దారి చూపినదాన నగుదునేమో యని భయము. కొనకున్నచో మానునన్న నమ్మకము లేదు. ఏమి చేయుదును? కొనవలసియున్న నెట్టి దానిని కొనవలెను?"

ఈ ప్రశ్న మాకు క్రొత్తది కాదు. మా అమ్మాయియు లండనునకు దక్షిణముగా నున్న సర్రీ జిల్లాలో కాపురమున్నది. ఒక శీతకాలమంతయు ఆమెయొద్ద గడపి యీ భయమును మేమును రుచి చూచితిమి. కావున ఈ నెల మన శీర్షికను దీనికే విడిచిపెట్టుచున్నాము. మా యభిప్రాయమును ముందుగానే చెప్పెదము: దీపము కొని పెట్టుడు. కాని యొక్కటి కాదు, రెండు కొనుడు. మూడవది, చిన్నది, జేబులో నుంచుకొమ్మని చెప్పుడు. ఏల యట్లనుచున్నామో వినుడు.

చీకటిలో నేల తొక్కవలెను?

మన తెలుగునాట పుష్యమాసములో సైతము సాయంకాలము ఐదు దాటినగాని ప్రొద్దు గ్రుంకదు. లండను ప్రాంతమున డిసెంబరు నెల నడుమ నాలుగు కొట్టకమునుపే సూర్యుడస్తమించును. మఱునాడు ఎనిమిది దాటినగాని యుదయింపడు. పగలంతయు ఎనిమిది గంటలైనను నిండదు. ఆ యెనిమిది గంటలును ఉద్యోగమునకే చాలును. ఇంక వ్యాయామమన్నచో చీకటిలోనే చేయవలెను, లేదా మూడు నాలుగు నెలలు ఇంటిలో కూర్చుండవలెను. మేమచ్చట నున్న దినములలో మూడవ వారమునకే ఆ చీకటి మనస్సును క్రుంగదీయుట స్వయముగా ఎఱిగితిమి. కావున ఆ పిల్లలు దీపములు కట్టుకొని బయలుదేఱుట వట్టి దుడుకుతనము కాదని గ్రహించితిమి.

వారు తొక్కు సైకిలు మన వీధులలోని సైకిలు వంటిది కాదు. దానిని మౌంటెన్ బైకు అందురు. వెడల్పైన టైర్లు, గట్టి బ్రేకులు, ముందు చక్రమునకు కుదుపు నడచు స్ప్రింగులును ఉండును. 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాయందు, మెరిన్ కౌంటీ కొండలలో కొందఱు యువకులు పాత సైకిళ్లను బాగుచేసికొని కొండదారిని దిగు పందెములు మొదలిడిరి. ఈ క్రీడ పెరిగినది ఆ పందెములనుండియే. 1996లో అట్లాంటా ఒలింపిక్సునందు ఇది చేరినది. ఆ మొదటి యేడే స్త్రీలకును పందెము జరుపబడి ఇటలీ దేశపు పావోలా పెజ్జో బంగారు పతకము గెలిచినది.

సర్రీలో లీత్ హిల్, హోంబరీ హిల్, పిచ్ హిల్ అను మూడు కొండలు ప్రక్కప్రక్కన నున్నవి. వీనిలో లీత్ హిల్ 294 మీటర్ల యెత్తు గలది. దాని శిఖరమున 1765లో కట్టిన యొక గోపురము కలదు. మన తిరుమల కొండతో పోల్చిన నిది గుట్ట వంటిదే. అయినను దట్టమైన చెట్లు, ఇసుక కలిసిన బురద, దారికి అడ్డముగా పాముల వలె పడియున్న వేళ్లు, ఇవన్నియు చీకటిలో చిన్న కొండనే పెద్దదిగా చేయును. 1968లో చేయబడిన చట్టముచేత అచ్చటి బ్రైడిల్‌వేలు, అనగా గుఱ్ఱపు బాటలమీద సైకిలు తొక్కుటకు హక్కు కలిగినది. అయితే పాదచారులకును గుఱ్ఱపు రౌతులకును దారి యిచ్చి తొలగవలెను. కేవలము కాలినడకకై యున్న బాటలపై ఆ హక్కు లేదు.

ఒక రాత్రి సంగతి

జనవరి నెలలో నొక గురువారము. మా అమ్మాయి ఇద్దఱు స్నేహితురాండ్రతో ఆఱున్నఱకు బయలుదేఱుచు, "ఎనిమిదిన్నఱకు వచ్చెదనమ్మా" అని చెప్పి వెళ్లినది. ఆమె సైకిలు హ్యాండిలుకు ఒకటే దీపము. పెట్టెపై 2,000 ల్యూమెనులనియు, 2 గంటలు వెలుగుననియు అచ్చువేయబడి యున్నది. ఎనిమిదిన్నఱ అయినది, తొమ్మిదియు నయినది. చారు మూడుమార్లు వెచ్చబెట్టితిమి. ఫోను చేసిన మ్రోగదు. కొండల నడుమ ఫోను అందని చోటులు చాల గలవు. పదింబావునకు వాకిట సైకిలు చప్పుడైనది. చెంపకు బురద, ఎడమ మణికట్టు వాపు. ముఖమున మాత్రము నవ్వే. ఆ నవ్వు చూచి మాకు కోపము వచ్చినది, ఆ వెనుకనే కన్నీరును వచ్చినది.

జరిగినదేమనగా, హోంబరీ కొండ దిగుచుండగా దీపము తటాలున ఆరినది. మలుపు కనబడలేదు. ముందు చక్రము వేరునకు తగిలి బోర్లపడినది. వెనుక వచ్చుచున్నవారు సమయమునకు ఆగుటచేత మఱొక ప్రమాదము తప్పినది. ఫోను వెలుగుతో సైకిలు నడిపించుకొనుచు రెండు మైళ్లు నడచి రోడ్డు చేరిరి. "దీపము తగ్గుచున్నట్లు తెలియలేదా?" అని యడిగితిమి. "తెలియలేదమ్మా. మెల్లమెల్లగా తగ్గినది, కన్నును దానితోనే అలవాటు పడినది. పూర్తిగా ఆరినపుడే తెలిసినది" అనినది.

మఱునాడు మేము వలదని చెప్పుటకు నోరు తెఱచితిమి. కాని మాట మార్చి, "ఆ దీపము ఇటు తెమ్ము, చూతము" అంటిమి. దీపమును గూర్చి నేర్చుకొని చెప్పిన మాట ఆమె చెవి కెక్కునని తోచినది. మేము నేర్చినదే మీకును చెప్పుచున్నాము.

ముక్కుపుడక నేర్పిన పాఠము

ముక్కుపుడక నేల జాఱిపడినపుడు మన మేమి చేయుదుము? పైనున్న బల్బు చాలదని టార్చిలైటును నేలకు ఆనించి పట్టుదుము. వెలుగు పక్కవాటుగా పాఱును. ఇసుక రేణువునకు సైతము పొడవైన నీడ కలుగును. ఆ నీడయే పుడకను పట్టి యిచ్చును. సైకిలు హ్యాండిలుకు బిగించిన దీపము చేయు పని యిదియే. అది కంటికన్న దిగువ నుండుటచేత రాయికిని, వేరునకును, గుంతకును నీడ కల్పించి ఎత్తుపల్లములను చూపును.

అయితే దానికొక లోపము కలదు. హ్యాండిలు తిరిగినవైపే అది చూచును. మలుపునొద్ద కన్ను ముందుగా ఎడమవైపు చూడగోరును. దీపము మాత్రము ఎదుటి చెట్టునే చూపుచుండును. అంతేగాక ఎత్తైన రాయి వెనుక దాని నీడ నల్లని గుంత వలె కనబడును. అది గుంతయో, నీడయో తెలియదు.

తలపై హెల్మెటునకు కట్టిన దీపము దీనికి మందు. అది కన్ను పోయినచోటికెల్ల పోవును. మలుపు లోపలికి, దిగువ మెట్టునకు, గొలుసు జాఱిన సైకిలును బాగుచేయు చేతులమీదికి కూడ వెలుగు నిచ్చును. కాని దానిని మాత్రమే నమ్ముకొన్నచో మఱొక చిక్కు. కంటికి ఆనుకొని వచ్చు వెలుగునకు నీడలు కనబడవు; అవి వస్తువుల వెనుకనే దాగిపోవును. దారియంతయు గోడకు సున్నము వేసినట్లు చదునుగా తోచును. గుంత లోతు తెలియదు.

కావున ఒకటి నీడలు చూపుటకు, ఒకటి చూపు వెంబడి పోవుటకు, రెండును కావలెను. హ్యాండిలుమీది దీపము వెడల్పుగా పఱచుకొను వెలుగు గలది గాను, తలపై దీపము సన్నమై దూరము పోవునది గాను ఉండుట మంచిది. హ్యాండిలు దీపపు వెలుగునడుమ భాగము ఎదుట ఏడెనిమిది మీటర్ల దూరమున నేలను తాకునట్లు బిగింపవలెను. తలదీపము అంతకన్న దూరముగా చూడవలెను. బిగించునపుడు నిలువుగా నిలుచుండి కాక, సైకిలుపై తొక్కునపుడు వంగు రీతిని వంగి సరిచూచుకొనవలెను. లేకున్న తలదీపము తన ముందు చక్రమునే చూచుచుండును.

తలపై బరువు మెడను నొప్పించును. అందుచేత తలదీపము 150 గ్రాములు మించకున్న మేలు. కొన్నిటికి బ్యాటరీ వేఱుగా నుండి తీగతో వీపుసంచిలో పెట్టుకొను నేర్పాటుండును. అట్టి తీగ కొమ్మకు తగిలినపుడు ఊడివచ్చునదిగా నుండవలెను. దీపమును హెల్మెటునకు పట్టు బిగింపు కూడ గట్టిగా లాగినపుడు విడిపోవునదే మంచిది. ఊడని దీపము కొమ్మకు చిక్కిన మెడనే లాగును.

ల్యూమెనుల లెక్క

దుకాణములో మొట్టమొదట చెప్పు మాట ల్యూమెనులు. ఇది దీపము నుండి వెలువడు మొత్తము వెలుగునకు కొలత. మన యిండ్లలోని 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఇంచుమించు 800 నుండి 900 ల్యూమెనుల వెలుగు నిచ్చును. అనగా 1,000 ల్యూమెనుల సైకిలు దీపమన్నచో ఒక గదినంతటిని వెలిగించు వెలుగును ఒక్కవైపునకు త్రోసినట్లు. బిందెడు నీళ్లు ముంగిటంతయు చల్లవచ్చును, చెట్టు మొదట ధారగా పోయవచ్చును. నీరు ఒక్కటే, ఫలితము వేఱు. కావున ల్యూమెనులతో పాటు వెలుగు పఱచుకొను తీరును కూడ చూడవలెను. కొండబాటకు హ్యాండిలుపై 1,000 మొదలు 1,500, తలపై 500 మొదలు 1,000 ల్యూమెనులు సామాన్యముగా చాలునని మా యనుభవము. అంతకు మించినది బ్యాటరీని త్రాగివేయుటకే గాని చూపునకు పెద్దగా ఉపకరింపదు.

ఎంత వెలుగు కావలెనో నిర్ణయించునది వేగము. గంటకు 20 కిలోమీటర్ల వేగమున పోవు సైకిలు సెకనుకు సుమారు అయిదున్నర మీటర్లు పోవును. ఎదుట అడ్డము కనబడి, బ్రేకు పట్టవలెనని తోచి, వ్రేళ్లు కదలుటకు ఒకటిన్నర సెకను పట్టుననుకొందము. అప్పటికే 8 మీటర్లు గడచును. బురదదారిపై జాఱక ఆగుటకు మఱి 5 మీటర్లు. మొత్తము 13, 14 మీటర్లు. గంటకు 30 కిలోమీటర్లైనచో ఈ లెక్క 24 మీటర్ల వఱకు పెరుగును. వెలుగు దూరము పోవుకొలది త్వరగా పలుచబడును. రెట్టింపు దూరమున అదే కాంతి కావలెనన్న నాలుగు రెట్లు వెలుగు కావలెను. కాబట్టి 20 నుండి 30 కిలోమీటర్లకు వేగము పెంచుటకు సుమారు మూడురెట్ల వెలుగు వలయును. ఇంత లెక్కయు ఒక్క సూత్రముగా చెప్పవచ్చును: వెలుగు అందినంత దూరములో ఆగగలిగిన వేగమే తగిన వేగము. దీపము పెద్దదైనదని వేగమును పెంచినచో పెరిగిన క్షేమమంతయు అందులోనే ఖర్చగును.

వెలుగు రంగు కూడ గమనింపదగినదే. నీలివన్నె గల తెల్లని వెలుగుకన్న కొంచెము పసుపు కలిసిన వెలుగునందు బురదకును ఆకులకును భేదము బాగుగా తెలియుననియు, కన్ను తక్కువ అలయుననియు మా అమ్మాయి చెప్పును. పూర్వము సైకిళ్లకు కిరోసిను దీపములు, కార్బైడుపై నీటిచుక్కలు పడి పుట్టు వాయువుతో వెలుగు దీపములు, టైరునకు రాచుకొని తిరుగు డైనమోలును ఉండెడివి. నేటి యీ చిన్న దీపములకు మూలము నీలి ఎల్.ఇ.డి. దానిని సాధించిన జపానులో పుట్టిన శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురా గారలకు 2014లో నోబెలు బహుమానము వచ్చినది.

నూనె యెంత కలదో చూచుకొనుట

సాయంకాలము లాంతరు వెలిగించునపుడు మన పెద్దలు ముందుగా ఊపి చూచెడివారు, లోపల నూనె యెంత యున్నదో యని. నేటి దీపమును ఊపిన తెలియదు. కాని లెక్కకట్టవచ్చును.

ఈ దీపములలో నుండునది లిథియము బ్యాటరీ. పెక్కింటిలో వాడు 18650 అను గొట్టము 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు గలది. ఒక్కొక్కటి సుమారు 10 వాట్-గంటల శక్తిని దాచుకొనును. మంచి దీపము వాట్టుకు 100 ల్యూమెనుల వఱకు నిచ్చును. అనగా 1,000 ల్యూమెనులకు గంటకు 10 వాట్-గంటలు. రెండు గొట్టములున్నచో రెండు గంటలు. 2,000 ల్యూమెనులు వెలిగించినచో ఒక్క గంటయే. ఈ కూడిక ముందే చేసికొనియున్న మా అమ్మాయి ఆ గురువారము పడియుండెడిది కాదు. ఆమె దీపములో నుండినవి రెండే గొట్టములు.

మఱి పెట్టెపై 2 గంటలని యేల వ్రాసిరి? అది పూర్తిగా అబద్ధమును కాదు. టార్చిలైట్లకు వాడు ఒక అమెరికా కొలమానము ప్రకారము, వెలుగు మొదటి దానిలో పదియవ వంతునకు తగ్గువఱకు గడచిన కాలమంతయు "వెలుగు కాలము"గా లెక్కింపబడును. దీపము మొదటి యఱగంట పూర్తిగా వెలిగి, మిగిలిన కాలమంతయు మినుకుమినుకుమన్నను లెక్క లెక్కయే. కావున పెట్టెను నమ్మక ఇంటిలోనే పరీక్షింపవలెను.

మేము చేసిన పరీక్ష యిది. ఆదివారమునాడు చీకటిగదిలో దీపమును బల్లపై పెట్టి, ఎదుట టేబులు ఫ్యాను తిప్పితిమి. నిలిచిన గాలిలో ఈ దీపములు వేడెక్కి తమంత తామే వెలుగు తగ్గించుకొనును. దారిలో తగులు గాలికి బదులుగా ఫ్యాను. ఎదుటి గోడయొద్ద ఫోనును పెట్టి, దానిలోని వెలుగు కొలుచు సాధనమును పది నిమిషముల కొకమాఱు చూచి వ్రాసికొంటిమి. కంటిని నమ్మరాదని ముందే తెలిసినది గదా. పూర్తి వెలుగు 50 నిమిషములు నిలిచినది. పిదప జాఱుట మొదలిడినది. గంటా పది నిమిషములకు ఆరినది. నడిమి మెట్టుమీద పెట్టిన మూడు గంటలకు కొంచెము తక్కువగా వెలిగినది. ఆ కాగితమును సైకిలు నిలుపు చోట గోడకు అంటించితిమి. నేటికిని అచ్చటనే యున్నది.

దీనినుండి మూడు నియమములు పుట్టినవి. ఎక్కునపుడు వేగము తక్కువ గనుక దీపమును తగ్గించి, దిగునపుడే పూర్తిగా పెంచవలెను. పరీక్షలో తేలిన కాలములో మూడింట రెండు వంతులు మాత్రమే నమ్ముకొని, మిగిలినది ఇల్లు చేరుటకు దాచవలెను. చలికి బ్యాటరీ బలము తగ్గును, ఏండ్లు గడచుకొలదియు తగ్గును. రెండు దీపములును ఒకే బ్యాటరీపై నాధారపడి యుండరాదు. ఒకటి ఆరినను రెండవది వెలుగుచుండుటయే రెండు కొనుటలోని ముఖ్య ప్రయోజనము.

చార్జి పెట్టుట వంటింటి పొయ్యి వలె జాగ్రత్త కోరు పని. దీపముతో వచ్చిన చార్జరునే వాడవలెను. మంచము ప్రక్కను, పఱుపుపైని, ఇంటినుండి బయటికి పోవు నడవలోను పెట్టరాదు. అందఱు నిద్రించు వేళ విడువరాదు. గడ్డకట్టు చలిలో నుండి తెచ్చిన బ్యాటరీని గది వేడిమి పట్టినపిదపనే చార్జి చేయవలెను. ఉబ్బినదియు, నొక్కుపడినదియు మఱల వాడరాదు, చెత్తబుట్టలోను వేయరాదు. బ్యాటరీలు తీసికొను చోట నొప్పగింపవలెను. వేసవిలో దాచునపుడు సగము చార్జితో చల్లనిచోట నుంచవలెను.

వానకు తట్టుకొనునా యని చూచుటకు ఐ.పి.ఎక్సు. అను గుర్తు కలదు. దాని ప్రక్కన 4 అని యున్న అన్నివైపులనుండి చిమ్ము నీటికి తట్టుకొనును. 7 అని యున్న మీటరు లోతు నీటిలో అఱగంట మునిగినను చెడదు. ఇంగ్లండు వానకు 4 కన్న తక్కువది పనికిరాదు.

వెలుగునకును మర్యాద కలదు

మాటలాడునపుడు ఎదుటివారి ముఖము చూచి మాటలాడవలెనని పిల్లలకు నేర్పుదుము. తలదీపము ధరించినపుడు మాత్రము ఆ మర్యాద తలక్రిందులగును. ముఖము వంక చూచితిమా, ఎదుటివారి కన్నులు చీకటులు గ్రమ్మును. చీకటికి కన్ను పూర్తిగా అలవడుటకు ఇరువది ముప్పది నిమిషములు పట్టును. ఆ యలవాటు చెడుటకు ఒక్క క్షణము చాలును. కావున ఆగి మాటలాడునపుడు తలదీపమును ఆర్పవలెను, లేదా నేల చూచి మాటలాడవలెను.

గుఱ్ఱము ఎదురైనచో దీపములను తగ్గించి, ప్రక్కకు తొలగి, మెల్లగా పలుకరింపవలెను. మనిషి గొంతు వినబడిన గుఱ్ఱము బెదరదు. దారిప్రక్కన జంటగా మెఱయు చుక్కలు కనబడిన అవి లేడి కన్నులు. ఒక లేడి దాటినచో వెనుక మఱొకటి రావచ్చునని వేగము తగ్గింపవలెను.

పొగమంచులో తలదీపము శత్రువగును. దాని వెలుగు మంచుబిందువులకు తగిలి తిరిగి కంటిలోనే పడును. ఎదుట తెల్లని తెర కట్టినట్లుండును. అప్పుడు దాని నార్పి హ్యాండిలు దీపమును తగ్గించి మెల్లగా పోవలెను. కొండబాట దీపములు కొమ్మలు కనబడుటకై పైకిని వెలుగు చిమ్మును గనుక, రోడ్డెక్కినపుడు వానిని క్రిందికి వంచి తగ్గింపకున్న ఎదురువచ్చు బండ్లవారికి కన్ను కనబడదు. రోడ్డుమీద వెనుక ఎఱ్ఱదీపము ఇంగ్లండులో చట్టముచేతనే విధింపబడినది. బాటలో మాత్రము దానిని మందముగా పెట్టవలెను. వెనుక వచ్చు స్నేహితురాలు దానినే చూచుచు రావలెను గదా.

దీపమే పిలుపగునపుడు

జేబులోని మూడవ దీపము, బొటనవ్రేలంత యున్నను చాలును. పెద్దవి రెండును పోయినపుడు అది తొక్కుటకు కాదు, నడచి వచ్చుటకు. కొండలలో ఆపద కలిగినవారికి అందఱు నెఱిగిన యొక సంకేతము కలదు: నిమిషములో ఆఱుమార్లు దీపము మెఱపించుట, లేదా ఆఱుమార్లు ఈల వేయుట, ఒక నిమిషమాగి మఱల ఆఱుమార్లు. వినినవారు, కనినవారు మూడుమార్లు బదులిత్తురు. బదులు వచ్చినను సహాయము చేరువఱకు మానరాదు. ఫోను అందినచో అచ్చట 999 గాని 112 గాని పిలువవచ్చును.

ఒంటరిగా పోరాదు. ఏ బాటను పోవుచున్నదియు, ఎన్నింటికి తిరిగి వచ్చునదియు ఇంటిలో నొకరికి చెప్పిపోవలెను. మా యింటిలో నియమమిది: చెప్పిన వేళకు గంట దాటిన మేము పిలుతుము, ఫోను పలుకకున్న ఇంకొక యఱగంటకు సహాయము కోరుదుము. ఈ నియమము వచ్చినపిదప మాకును నిద్ర పట్టినది, ఆమెకును మాటిమాటికి సంజాయిషీ చెప్పు బాధ తప్పినది.

మన యూళ్లలో

మన తెలుగునాట రాత్రివేళ అడవికొండలలోనికి పోవుటను మేము సమర్థింపము. అటవీశాఖవారి యనుమతి లేకుండ పోరాదు; పాములు, ఎలుగుబంట్లు, చిఱుతలు తిరుగు వేళ యది. కాని హైదరాబాదులోను, విశాఖపట్టణములోను ఎండకు వెఱచి తెల్లవాఱకముందే సైకిళ్లపై బయలుదేఱు స్త్రీలును పురుషులును నేడు కలరు. వారికిని గుంత, కుక్క, ఎదురు లారీ తప్పవు. ముందు తెల్లని దీపము క్రిందికి వంచి, వెనుక ఎఱ్ఱదీపము వెలిగించి, ఇంటిలో పరీక్షించి తెలిసికొన్న గంటలనే నమ్ముకొని పోవుట వారికిని అవసరమే.

ఇక జాబు వ్రాసిన సోదరికి మా బదులు. అమ్మా, లిథియము బ్యాటరీలను టపాలో పంపుటకు ఆంక్షలు కలవు. విమానములో తీసికొనిపోవునపుడు విడి బ్యాటరీలను చేతిసంచిలోనే యుంచవలెను. కావున ఇచ్చటనుండి పంపుటకన్న సొమ్ము పంపి అచ్చటనే కొనుమనుడు. సొమ్ముతోపాటు ఒక జాబు వ్రాయుడు. అందులో వలదని వ్రాయకుడు. హ్యాండిలుకొకటి, తలకొకటి, జేబులో నొకటి యని వ్రాయుడు. ఫ్యాను ముందు పెట్టి గంటలు కొలిచి ఆ లెక్కను మీకు పంపుమని వ్రాయుడు. ఏ వేళకు తిరిగివచ్చునో ప్రతిమాఱును మీకొక మాట చెప్పుమని వ్రాయుడు. వలదన్నచో మీకు చెప్పకుండ పోవును, ఆ రాత్రి ఆమె యెచ్చట నున్నదో ఎఱిగినవా రుండరు. మన మాట ఆమెతోపాటు కొంతదూరమైన పోవలెనన్న ఇదియే దారి.

మా అమ్మాయి మణికట్టు మూడు వారములలో కుదిరినది. నాలుగవ గురువారము మఱల వెళ్లినది, రెండు దీపములతో. కిటికీయొద్ద నిలిచి చూచితిమి. మలుపు తిరుగువఱకు రెండు వెలుగులును కనబడినవి. పిదప లోనికి వచ్చి చారు పొయ్యిమీద పెట్టితిమి. ఆ రాత్రి దానిని ఒక్కమాఱే వెచ్చబెట్టవలసి వచ్చినది.